తగ్గకముందే పెట్టిన కృతజ్ఞత కూడిక

మా సండే స్కూల్ టీచరమ్మ మొన్న గురువారం చనిపోయారు. ఫోన్ చేసిన చర్చి పెద్దాయన "ప్రభువునందు నిద్రించారమ్మా" అన్నారు. మా వాళ్లు అలాగే అంటారు, తప్పేమీ లేదు. ఆవిడకి మాత్రం ఆ మాట గిట్టేది కాదు. "నేను పోతే పోయిందనే చెప్పండి. నిద్రపోయిందంటే పిల్లలు పడుకోవడానికి భయపడతారు" అని ముందే చెప్పి పెట్టారు. అందుకే చనిపోయారనే రాస్తున్నాను.

తెనాలి దగ్గర బడిలో పాఠాలు చెప్పి, భర్త ఉద్యోగం వెంట డెట్రాయిట్ వైపు వచ్చారు. మా తెలుగు ఆరాధన అమెరికన్ల చర్చిలో, వాళ్లది అయిపోయాక మధ్యాహ్నం జరుగుతుంది. బేస్‌మెంట్‌లో పిల్లల క్లాసు ఆవిడది. ఎంత మంచు పడ్డా అందరికన్నా ముందొచ్చి హీటర్ దగ్గర కుర్చీలు వేసి ఉంచేవారు. తెలుగు సరిగా రాని పిల్లల్ని ఏమీ అనేవారు కాదు. వాళ్లని చూసి నవ్వే మాలాంటి పెద్దవాళ్లని కసిరేవారు.

రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలాక సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించాం. ఆర్నెల్లయినా తగ్గలేదు. అప్పుడు మొదలయ్యాయి గుసగుసలు. దాచుకున్న పాపమేదో ఉంటుంది, ఒప్పుకుంటే తగ్గుతుందని. పెద్దాయన ఆవిడ ఇంటికెళ్లి ఆ మాటే మెత్తగా అడిగారు. పప్పు గిన్నె పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను. సిగ్గుపడుతూ రాస్తున్నాను, నేనూ వంత పాడాను. "ఒక్కసారి ఆలోచించి చూడండి అక్కా" అన్నాను.

"నా పాపాలు రోజూ దేవుడితో చెప్పుకుంటూనే ఉన్నానమ్మాయ్. ఈ గడ్డ వాటివల్ల వచ్చింది కాదు. చెయ్యనిది చేశానంటే అబద్ధమవుతుంది. అప్పుడు నిజంగానే పాపం" అన్నారావిడ.

ఆ తర్వాతి వారం ఆవిడ క్లాసు తీసేశాం. విశ్రాంతి కోసమని పైకి చెప్పాం. ప్రార్థించినా తగ్గని మనిషిని పిల్లల ముందు నిలబెట్టడానికి మాకు భయం, అదీ అసలు సంగతి.

నెల తిరక్కుండా ఆవిడే అందరికీ ఫోన్ చేశారు. "శనివారం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. భోజనానికి రండి." జబ్బు తగ్గినవాళ్లు నలుగురినీ పిలిచి, ప్రార్థన చేసుకుని, భోజనం పెట్టడం మాలో ఆనవాయితీ. ఇంకేముంది, తగ్గిపోయిందనుకున్నాం. నేను కేకు చేసుకెళ్లాను. పెద్దాయన స్వస్థత మీద ప్రసంగం రాసుకొచ్చారు.

పాట అయ్యాక ఆవిడ లేచారు. "నాకు తగ్గలేదు. ఎముకల్లోకి పాకిందని మంగళవారం డాక్టర్ చెప్పాడు."

ప్రసంగం కాగితాలు చేతిలో పట్టుకునే పెద్దాయన "మరి ఈ కూడిక ఎందుకమ్మా?" అన్నారు.

"తగ్గితేనే థాంక్స్ చెప్తానని నేను దేవుడితో బేరం పెట్టుకోలేదన్నగారూ. ఒక్క సూది పోటుకే నరం దొరకబుచ్చుకునే నర్సుంది నాకు. మా ఆయన చారు పెట్టడం నేర్చుకున్నాడు. వీటికి చెప్పొద్దా? కానీ నేను పోయాక, ఆవిడకి విశ్వాసం చాల్లేదని పిల్లలకి చెప్తే మాత్రం ఒప్పుకోను. నా క్లాసు నాకిచ్చేయండి."

"ఇంతమంది ప్రార్థించాం కదమ్మా. పిల్లలు అడిగితే ఏం చెప్తాం?"

"మీరేం చెప్పక్కర్లేదు. నేను చెప్తాను."

పెద్దాయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. కేకు కోసే ధైర్యం ఎవరికీ లేకపోతే ఆవిడే కోసి పంచారు.

మర్నాడు ఆదివారం ఎవరినీ అడక్కుండా బేస్‌మెంట్‌లోకి దిగారు. వెనకే వెళ్లి నేను మెట్ల దగ్గర నిలబడ్డాను. ఆరేళ్ల మా అమ్మాయి చెయ్యెత్తింది. "ఆంటీ, మీరు బ్యాడ్ థింగ్ చేశారు, అందుకే సిక్ అయ్యారా?"

అది మా ఇంట్లో విన్న మాటే.

"లేదు నాన్నా. జబ్బు చేసింది, అంతే. దేవుడికి నా మీద కోపం లేదు. నాకే అప్పుడప్పుడు ఆయన మీద కోపమొస్తుంది. ఆయనతోనే చెప్తాను."

తర్వాత తలకి కట్టుకున్న స్కార్ఫ్ విప్పి, వెంట్రుకలన్నీ ఊడిపోయిన తల వంచారు. "చూడాలని ఉంది కదూ? రండి, ముట్టుకోండి." పిల్లలు వరసగా నిలబడి ఒక్కొక్కరే ఆ తల మీద చెయ్యి వేశారు. మా అమ్మాయి రెండు చేతులూ వేసింది. వెనకవాళ్లు తొందరపెడుతున్నా తియ్యలేదు.