నేను ఎంచిన అడవి

ఖమ్మంలో ఇంటర్మీడియట్ పిల్లలకి జువాలజీ చెప్పిన రోజుల్లో నేను చేత్తో పట్టుకుని చూపించిన ప్రాణులు రెండే: కప్ప, బొద్దింక. మిగతా జంతు ప్రపంచమంతా బోర్డు మీద సుద్దముక్కతో గీసిందే. జిరాఫీ మెడలోనూ మనిషి మెడలోనూ ఎముకలు ఏడే అని చెప్పి పిల్లల్ని ఆశ్చర్యపెట్టేదాన్ని. ఆ జిరాఫీని మాత్రం హైదరాబాద్ జూలో, కంచె ఇవతల నిలబడి ఒక్కసారి చూశాను.

పెళ్లయి అమెరికా వచ్చాక ఆ సుద్దముక్క కూడా పోయింది. మా ఆయనది హెచ్ వన్ ఉద్యోగ వీసా, నాది ఆ వీసాకి తోకలాంటి వీసా. ఉద్యోగం చేయడానికి వీల్లేదు. బెంటన్‌విల్‌లో ఆయన ఆఫీస్‌కి, పాప స్కూల్‌కి వెళ్లాక నాకు మిగిలింది పబ్లిక్ లైబ్రరీ. అందులో ఆఫ్రికా జంతువుల పుస్తకాలు ఒక అర నిండా ఉండేవి. నేను తప్ప వాటిని ఎవరూ ఇంటికి తీసుకెళ్లినట్టు కనబడలేదు.

పెళ్లయి పదేళ్లవుతున్న సందర్భంగా ఎక్కడికైనా వెళ్దామని ఆయనే అన్నాడు. అందరూ వెళ్లే మెక్సికో బీచ్, కాన్‌కూన్ అంటానని అనుకుని ఉంటాడు. నేను ఆఫ్రికా అన్నాను.

“సఫారీయా? అవన్నీ డబ్బున్నవాళ్లకి,” అన్నాడు.

“తక్కువలో కూడా వెళ్లొచ్చు. ఏ పార్క్‌కి వెళ్తున్నామో దాన్ని బట్టి ఉంటుంది.”

“అయితే నువ్వే చూడు. బడ్జెట్‌లో వస్తే వెళ్దాం.”

ఆ మాట పట్టుకుని నెలల తరబడి కూర్చున్నాను. నా చదువు దేనికైనా పనికొచ్చిందంటే, పెళ్లయ్యాక అదే మొదటిసారి.

ఆయన మనసు కెన్యాలోని మసాయి మారా మీద ఉంది. ఆఫీస్‌లో అందరి ఫోన్లలోనూ ఉండే ఫొటోలు అక్కడివే. వైల్డ్‌బీస్ట్ జింకల మందలు నది దాటడం, మొసళ్లు నోళ్లు తెరుచుకుని కాచుకోవడం. నేను లెక్క వేసి చూపించాను. అక్కడ మనిషికి రోజుకింత అని ఫీజు కట్టాలి, బండీ డ్రైవరూ లేకుండా కుదరదు, నది దాటే కాలానికి రేట్లు ఇంకా పెరుగుతాయి. పైగా ఒక చిరుత కనబడితే దాని చుట్టూ వ్యాన్లు పెళ్లి ఊరేగింపులా చేరతాయి. దాని పక్కనే టాంజానియాలో ఉన్న సెరెంగెటి అంతకంటే ఖరీదు.

నాకు ఇష్టమైంది నమీబియాలోని ఎటోషా. తెల్లటి ఉప్పు మైదానం, ఎండు నేల. వానల్లేని నెలల్లో నీళ్లు కొన్ని గుంటల్లోనే ఉంటాయి. జంతువుల కోసం మనం తిరగక్కర్లేదు. క్యాంప్‌లో గుంట పక్కన బెంచీ మీద కూర్చుంటే అవే దాహానికి వస్తాయి. ఖడ్గమృగం కూడా వస్తుంది. అంత ఓపికగా కూర్చోవడం నాకు బాగా అలవాటైన పని. కానీ ఎటోషాకి విమానాలు ఎక్కువ మారాలి, ఆ తర్వాత కంకర రోడ్ల మీద చాలా దూరం పోవాలి. పాపతో కష్టం అన్నాడు.

అలా క్రూగర్ దగ్గర ఆగాం. దక్షిణాఫ్రికాలో ఆ పార్క్‌లో తారు రోడ్లున్నాయి. మామూలు అద్దె కారు తీసుకుని మనమే డ్రైవ్ చేసుకోవచ్చు. ప్రభుత్వం వాళ్ల క్యాంపుల్లో కంచె లోపల చిన్న గుడిసెలు, బయట వంట చేసుకోవడానికి గట్టు. మన పిల్లలకి వేసవి సెలవులప్పుడు అక్కడ చలికాలం. గడ్డి ఎండి పలచబడుతుంది, జంతువులు బాగా కనబడతాయి, దోమలు తగ్గుతాయి. ఈ వాక్యాలన్నీ మా ఆయనకి నేను వంటింట్లో నిలబడి చెప్పినవే. ఎందుకు గుర్తు చేస్తున్నానో తర్వాత తెలుస్తుంది.

“అక్కడ ఎడమ పక్క డ్రైవ్ చేయాలంట,” అన్నాడు.

“మనం పుట్టింది ఎడమ పక్క దేశంలోనే కదా.”

“నువ్వు మాత్రం చేయకు. ఇక్కడ కుడి పక్కే నీకు సరిగ్గా రాదు.”

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను.

ఈలోగా సంగతి మా స్నేహితుల ఇంట్లో తెలిసింది. ఆ ఇంటాయన మా ఆయనకి ఇంజనీరింగ్‌లో సీనియర్, నేను అన్నయ్య అని పిలుస్తాను. ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ సిటిజన్‌షిప్ వచ్చేసింది. “మేమూ వస్తాం అమ్మా. నువ్వు ప్లాన్ చేసేయ్, మేం జస్ట్ వచ్చి కూర్చుంటాం,” అన్నాడు అన్నయ్య. వదిన మాత్రం గుడిసెలో బాత్‌రూమ్ లోపలే ఉంటుందా అని రెండు మూడుసార్లు అడిగింది. లోపలే ఉండేవి వెతికి బుక్ చేశాను. క్రూగర్ క్యాంపులు దాదాపు ఏడాది ముందే నిండిపోతాయి. సింహాలు ఎక్కువగా ఉండే మధ్య భాగంలోని క్యాంప్ దొరకడం కోసం బుకింగ్ తెరిచే రోజున కంప్యూటర్ ముందు కాపలా కాశాను.

ఇక్కడొక చిక్కు ఉంది. నా పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా స్టాంప్ గడువు ఎప్పుడో దాటిపోయింది. దేశంలో ఉండటానికి కాగితాలున్నాయి గానీ, బయటికి అడుగు పెడితే మళ్లీ స్టాంప్ వేయించుకుంటేనే రానిస్తారు. మా ఆయనకి ఆ బాధ లేదు. రెండేళ్ల కిందట ఆయన చెల్లెలి పెళ్లికి వెళ్లి వేయించుకొచ్చాడు. అప్పుడు ముగ్గురికీ టికెట్లు ఎక్కువని నేనూ పాపా ఆగిపోయాం. పాప ఇక్కడే పుట్టింది కాబట్టి దానికి ఏ స్టాంపూ అక్కర్లేదు. అందుకని నేను ముందుగా హైదరాబాద్ వెళ్లి, స్టాంపింగ్ చేయించుకుని, అక్కడి నుంచి జొహానెస్‌బర్గ్ చేరేటట్టు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. దక్షిణాఫ్రికా వీసా కూడా వచ్చింది.

ప్రయాణం దగ్గరపడ్డాక మెయిల్ వచ్చింది. నా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్‌ని వాళ్లంతట వాళ్లే మార్చారు, వేసవి దాటి ఎక్కడో అక్టోబర్‌కి. అంతకు ముందు తేదీలు ఏ ఊళ్లోనూ లేవు. అడవికి వెళ్లడానికి నాకు అనుమతి ఉంది. తిరిగి ఇంటికి రావడానికే లేదు.

సాయంత్రం ఆయనకి చూపించాను. చదివి లాప్‌టాప్ మూశాడు.

“వచ్చే ఏడాదికి మార్చుకుందామా?” అన్నాను.

“మనం మార్చుకోవచ్చు. అన్నయ్య వాళ్ల టికెట్లు? వాళ్లు లీవ్ కూడా అప్లై చేశారు.”

“వాళ్లు వెళ్తారు. మనం తర్వాత వెళ్దాం.”

“పాప క్లాస్ అంతా చెప్పుకుంది. దాని మొహం చూడు ఒకసారి.”

పాప సోఫాలో కూర్చుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. దాన్ని మధ్యలోకి లాగాక నా నోట్లోంచి ఇంకేం మాట వస్తుంది?

“అయితే మీరు వెళ్లి రండి,” అన్నాను.

వద్దులే, నువ్వు లేకుండా ఏంటి అంటాడని ఎదురుచూశాను. ఆయన కాసేపు ఆలోచించినట్టు కనబడి, “నువ్వు ఫీల్ అవ్వవు కదా?” అన్నాడు.

తల్లి లేకుండా పిల్ల దేశాలు దాటుతుంటే సమ్మతి పత్రం దగ్గర ఉంచుకోవడం మంచిదని నేనే చదివాను, నేనే చెప్పాను. బ్యాంక్‌లో నోటరీ ముందు ఇద్దరం కూర్చున్నాం. ఆ పెద్దావిడ కాగితం చదివి, “ఎంత అదృష్టం, ఆఫ్రికా!” అని మా ఆయనతో అంది. తర్వాత నా వైపు తిరిగి, “మీకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది,” అంది. సంతకం పెట్టి, మర్యాదగా థాంక్యూ చెప్పాను.

వాళ్లు వెళ్లాక ఇల్లు సర్దాను, లాన్ కోయించాను. పాప రోజూ ఫోన్ చేస్తుందనుకున్నాను. సిగ్నల్ దొరికితే చేసేది. మూడో రోజో నాలుగో రోజో మా ఆయన చేసిన వీడియో కాల్‌లో వెనకాల ఈత కొలను, తెల్లటి గొడుగులు కనబడ్డాయి.

“ఇదేంటి, నేను బుక్ చేసింది కాదే?”

“అదా, పార్క్ పక్కన ప్రైవేట్ లాడ్జ్‌కి మారాం. వదినకి ఆ గుడిసెలు నచ్చలా. అన్నయ్య తన కార్డ్ ఇచ్చి బుక్ చేసేశాడు, మన వాటా తర్వాత ఇచ్చేద్దాంలే. గైడ్, జీపు, ఫుడ్ అన్నీ ఇంక్లూడెడ్.”

“సింహాలుండే క్యాంప్‌కి అసలు వెళ్లలేదా?”

“ఇక్కడ కూడా సింహాలున్నాయి. గైడ్ రేడియోలో కనుక్కుని సీదా దాని దగ్గరికే తీసుకెళ్తాడు. నువ్వు చెప్పినట్టు గంటలు గంటలు వెయిట్ చేయక్కర్లా.”

మంచిదే అన్నాను. బడ్జెట్ అనే మాట మా ఇంట్లో నా కోసం మాత్రమే పుట్టిందని ఆ రోజు అర్థమైంది.

తిరిగొచ్చాక అన్నయ్య ఇంట్లో పది కుటుంబాలు చేరాయి. టీవీలో ఫొటోలు నడుస్తున్నాయి. రిమోట్ మా ఆయన చేతిలో ఉంది. ఎవరో మారా కాకుండా క్రూగర్ ఎందుకు ఎంచుకున్నారని అడిగారు.

“మారాలో మనిషికి రోజుకింత అని ఫీజు, బండి ఖర్చు వేరే,” అని మొదలుపెట్టాడు. “క్రూగర్ అయితే మన సమ్మర్ హాలిడేస్‌కి అక్కడ వింటర్. గడ్డి ఎండిపోయి యానిమల్స్ క్లియర్‌గా కనిపిస్తాయి. దోమలు కూడా తక్కువ. చాలా రీసెర్చ్ చేశాం.”

నా వంటింటి వాక్యాలు ఒక్కటి కూడా పొల్లుపోకుండా అప్పజెప్పాడు. కాలేజీలో నా దగ్గర చదివిన పిల్లలు కూడా అంత బాగా చెప్పేవాళ్లు కాదు. అందరూ తలలూపుతున్నారు. వదిన నా పళ్లెంలో ఇంకో గారె వేస్తూ, “నువ్వు రాకపోవడమే నయమైందిలే. పొద్దున ఆ ఓపెన్ జీపుల్లో ఏం చలి, ఏం చలి,” అంది. ఆమె నిజంగా నన్ను ఓదార్చాలనే అంది. అదే ఇంకా గుచ్చుకుంది.

ఇంటికొచ్చాక పాప బట్టలు మార్చుకుంటూ చెప్పింది. “అమ్మా, నువ్వు బుక్‌లో చూపించావ్ కదా, ఆ పర్పుల్, బ్లూ బర్డ్? నేను చూశాను. ట్రీ మీద ఉంది. ఐ టోల్డ్ నాన్న. నాన్న ఓకే ఓకే అన్నారు, బట్ ఆయన లెపర్డ్ వీడియో చూస్తున్నారు.”

“ఎగిరిందా?”

“యా. ఎగిరినప్పుడు ఇంకా బ్లూ ఉంది.”

దాన్ని దగ్గరికి తీసుకుని మళ్లీ చెప్పమన్నాను. రెక్కలు ఎలా విప్పిందో చేతులతో చేసి చూపించింది. ఆ ప్రయాణంలో నా దాకా వచ్చింది అదొక్కటే.

అక్టోబర్‌లో హైదరాబాద్ వెళ్లాను. కౌంటర్ అవతల మనిషి రెండు ప్రశ్నలు అడిగి వీసా ఇచ్చేశాడు. అంత తేలికైన పని కోసం అంత జరిగింది. తిరిగొచ్చాక, ఇప్పుడు నాకు ఏ అడ్డూ లేదు, వచ్చే వేసవికి ఎటోషా చూద్దామా అని అడిగాను.

“మళ్లీ ఆఫ్రికానా? అయిపోయింది కదా,” అన్నాడు.

ఎవరికి అయిపోయిందని నేను అడగలేదు. ఆయనకి ఆ ప్రశ్న అర్థం కాదని కాదు. అర్థమై కూడా జవాబు చెప్పకపోతే ఆ తర్వాత ఆయనతో ఎలా ఉండాలో నాకు తెలియలేదు.

ఈ ఏడాది అన్నయ్య వాళ్లతో కలిసి ఇక్కడే అమెరికాలో ఎల్లోస్టోన్ పార్క్‌కి వెళ్దామనుకున్నారు. ఆయన భోజనం దగ్గర ఆ మాటెత్తి, “నువ్వు చూసి బుక్ చేసేయ్. నీకు వీటి మీద ఐడియా ఉంది కదా,” అన్నాడు.

“ఈసారి నువ్వు చేయి,” అన్నాను.

“నాకెక్కడ టైముంది?”

“నాకు తెలియదు.”

నేను పాపకి పెరుగన్నం కలిపి పెట్టి, నా కంచం తీసుకుని సింక్ దగ్గరికి వెళ్లాను. పార్క్ లోపల గదులన్నీ నిండిపోయాక ఆయన బుక్ చేశాడు. గేటుకి చాలా దూరంలో, హైవే పక్కన ఒక మోటెల్ దొరికింది. రోజూ తెల్లారకముందే లేచి డ్రైవ్ చేయాలని వదిన ఇప్పటి నుంచే సణుగుతోంది.