కోడి లేని కొత్త

నేరేడుపుట్టు చర్చి సంఘంలో, నెలకోసారి రొట్టె పంచే ప్రభు బల్లకు దూరం పెట్టినవాళ్ళు ఇప్పటికి ముగ్గురు. మొదటివాడు సారా కాసినందుకు. రెండోవాడు ఇంట్లో పెళ్ళాం ఉండగా ఇంకొకావిడను తెచ్చుకున్నందుకు. మూడోవాడు సైలస్, లాప్‌టాప్ బ్యాటరీలు బాగుచేసినందుకు. మొదటి ఇద్దరూ ఆరు నెలలు తిరక్కుండానే తప్పు ఒప్పుకుని బల్లకు వచ్చేశారు. సైలస్‌కి ఏం ఒప్పుకోవాలో తెలియలేదు.

మనిషి నెమ్మదస్తుడు. యాభై రెండేళ్ళుంటాయి. సీలేరు పవర్‌హౌస్‌లో పదకొండేళ్ళు బ్యాటరీ గదిలో కాంట్రాక్టు పని చేశాడు. అక్కడ నూట పది పెద్ద బ్యాటరీలు బడిపిల్లల్లా వరసగా ఉండేవి. వాటిలో నీళ్ళు తగ్గకుండా చూడడం, ఒక్కోదాని ఒంట్లో ఎలా ఉందో కనుక్కోవడం అతని ఉద్యోగం. అంతకాలంలో వాటితో నిజంగా అవసరం పడింది రెండుసార్లే. ఆ రెండుసార్లూ అవి పనిచేశాయి, సైలస్‌ని ఎవరూ మెచ్చుకోలేదు, మెచ్చుకుంటారని అతను అనుకోనూ లేదు. తర్వాత కాంట్రాక్టరు మారాడు. కొత్తాయనకు ఒక బావమరిది ఉన్నాడు. సైలస్ సొంతూరు నేరేడుపుట్టు తిరిగొచ్చేశాడు.

ఇప్పుడు శుక్రవారం అరకు సంతలో, ఎండుచేపల వరసకీ చీపుర్ల వరసకీ మధ్య గోనె పరుచుకుని కూర్చుంటాడు. ఈ సంతలో బ్యాటరీ తీసుకుంటే పై సంతలో ఇస్తాడు. పాతరకం లాప్‌టాప్ బ్యాటరీ పెంకు విప్పితే లోపల ఆరు సెల్లులుంటాయి. ఆరుగురిలో ఒకడు చస్తే కంపెనీవాడు ఆరుగురినీ పారెయ్యమంటాడు. సైలస్ ఆ చచ్చినవాణ్ణి తీసి, మిగిలిన ఐదుగురి వయసువాణ్ణే ఇంకొకణ్ణి వెతికి పెడతాడు. మరీ కుర్రవాణ్ణి పెడితే ముసలివాళ్ళతో వేగలేడని అతని అనుభవం.

బ్యాటరీలు చావడానికి అక్కడ పెద్ద కారణం పొయ్యి. కొండల్లో పాడవకూడదనుకున్నది ఏదైనా పొయ్యి పైన అటక మీద పెడతారు. విత్తనాలు, చింతపండు, మొక్కజొన్న పొత్తులు అన్నీ అక్కడే. వానాకాలం చెమ్మకి భయపడి లాప్‌టాప్‌ని కూడా అక్కడే పెట్టారు. విత్తనాలకు మంచిదైన వేడి బ్యాటరీకి చావు. ఇది చెప్పిచెప్పి సైలస్ నోరు నొప్పెట్టింది గానీ, ఈ మాట మాత్రం జనం విన్నారు. వినని మాట ఇంకొకటి ఉంది. కథంతా దానితోనే వచ్చింది.

బ్యాటరీ లోపల ఎంత మిగిలిందో లెక్క చూసే చిన్న బోర్డు ఉంటుంది. సెల్లు మారినా దాని బుర్రలో పాత లెక్కే ఉండిపోతుంది. అందుకని తెర మీద నలభై శాతం చూపిస్తూనే లాప్‌టాప్ టప్పున ఆరిపోతుంది. నిండా ఛార్జి పెట్టి, దానంతట అది ఆరిపోనిచ్చి, ఇలా మూడుసార్లు చేస్తే ఆ బోర్డు దారికొస్తుంది. దీన్ని కాలిబ్రేషన్ అంటారు. రెండేళ్ళపాటు సైలస్ అందరికీ ఆ మాటే చెప్పాడు. అందరూ శ్రద్ధగా తలూపారు. ఇంటికెళ్ళి వెంటనే వాడేశారు. పై సంతకు వచ్చి మోసగాడన్నారు.

అలాంటి రోజుల్లో చిక్కుళ్ళు అమ్మడానికి వచ్చిన యర్రమ్మ, డిగ్రీ చదివే మనవరాలి బ్యాటరీ తీసుకోవడానికి అతని దగ్గరికొచ్చింది.

"పట్టుకెళ్ళి ఎంటనే వాడీకూడదా?" అని అడిగింది.

"కూడదత్తా. ముందు నిండా ఛార్జి ఎట్టాల. అదంతట అది ఆరిపోయేదాకా ఒగ్గీయాల. మల్లీ నిండా ఎట్టాల. ఇలాగ మూడుసార్లయ్యాకే పనికి వాడాల."

"ముందు దానికి పెట్టి, తరవాత మనం ముట్టుకోడమా?"

"ఆఁ."

"అయితే కొత్త సెయ్యాలన్నమాట."

"ఆఁ, అదే," అన్నాడు సైలస్, చేతిలో ఉన్న ఇంకో బ్యాటరీ చూసుకుంటూ.

అతను చేసిన నేరమంతా ఆ రెండో 'ఆఁ'.

కొత్త అంటే ఏమిటో ఆ కొండల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మామిడి విరగకాసినా, కొర్రలు పండినా, చిక్కుడు పందిరి కింద నిలబడితే నెత్తికి తగులుతున్నా, ఊరంతా ఒక రోజు చూసుకుని అమ్మవారికి పెట్టి కొత్త చేసేదాకా ఆ పంట ఒక్కరి నోట్లోకీ వెళ్ళదు. ఆకలేసినా వెళ్ళదు. ఎందుకని ఎవరూ అడగరు.

యర్రమ్మ ఇంటికెళ్ళి చెప్పింది చెప్పినట్టు జరిపించింది. లాప్‌టాప్ తెరిచి పీట మీద పెట్టి, అది ఆరిపోయేదాకా మనవరాలిని రెండు బారల దూరంలో కూర్చోబెట్టింది. మూడుసార్లూ అంతే. ఆ తర్వాత ఆ బ్యాటరీ మూడు గంటలు ఆగకుండా నడిచింది. ఈ సంగతి యర్రమ్మ ఎవరికీ చెప్పకుండా ఉండలేదు.

పై సంతకు వచ్చినవాళ్ళు "కొత్తకి ఎన్ని రోజులు?" అనే అడిగారు. సైలస్ మూడు రోజులన్నాడు. మూడు రోజులంటే మూడు రోజులూ ఎవరూ ముట్టుకోలేదు. మోసగాడన్నవాళ్ళు అన్నా అనడం మొదలెట్టారు. రెండేళ్ళు ఇంగ్లీషు చెయ్యలేని పని తెలుగు మాట ఒకటి రెండు వారాల్లో చేసిపెట్టింది.

అయితే కొందరికి భక్తి ఎక్కువ. ఎగువ ఊరాయన ఒకడు బ్యాటరీని అడ్డాకులో చుట్టి తెచ్చాడు. విప్పి చూస్తే ఎండిన నెత్తురు. పెట్టని కోసి బ్యాటరీకి బొట్టు పెట్టాడట, ఆ బొట్టు పిన్నుల్లోకి కారిందట.

"అన్నీ సరిగ్గానే సేసేను. మరి పొగెందుకొచ్చింది?" అన్నాడాయన.

ఆ రోజు నుంచి సైలస్ బ్యాటరీ ఇచ్చేటప్పుడు ఇంకో ముక్క కలిపాడు. "ఈ కొత్తకి కోడి లేదు." గోల లేకుండా పని జరగడానికి చెప్పిన ముక్క అది.

ఆ ముక్క దిసారి సుక్రు చెవిన పడింది. పండగలకీ పెళ్ళిళ్ళకీ రోజు చూసి చెప్పే పెద్దమనిషి ఆయన. ఒక శుక్రవారం వచ్చి గోనె పక్కనే కూర్చున్నాడు. సైలస్ టీ తెప్పించాడు.

"కోడి లేదు, సరే. రోజెవుడు సూసేడు?"

"దీనికి రోజక్కర్లేదు తాతా."

"రోజు లేకుండా కొత్తేటి?" అన్నాడు సుక్రు. రెండో టీ కూడా తాగాడు. "అమాస నాడు ఒద్దు," అన్నాడు చివరికి.

సైలస్ అలాగే అన్నాడు. బ్యాటరీకి అమావాస్య అయినా పున్నమి అయినా ఒకటే, పెద్దాయన మాట తీసెయ్యడం దేనికని. ఆ రెండు టీలూ తాగుతుండగా సంఘంవాళ్ళు ఎవరో చూశారు. ఆదివారానికల్లా సైలస్ దిసారిని పక్కన పెట్టుకుని సంతలో కొత్త చేయిస్తున్నాడని గుడి నిండా తెలిసిపోయింది.

ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. పాస్టరు ఫిలిప్పు భీమిలి వైపు మనిషి, చెడ్డవాడు కాదు. నలుగురు పెద్దలు ఆయనకు అటిద్దరు, ఇటిద్దరు కూర్చున్నారు.

"కొత్త చేస్తున్నావా సైలస్?" అన్నాడు పాస్టరు.

"నేను సెయ్యట్లేదండి అయ్యగారూ. పట్టుకెళ్ళినోళ్ళు సేసుకుంటన్నారు."

"చెయ్యమన్నదెవరు?"

"నేనేనండి."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సైలస్ మూడు ఛార్జీల సంగతంతా వివరించాడు. పాస్టరు ఓపిగ్గా విన్నాడు. "దానికి అసలు పేరేమిటి?" అన్నాడు.

"కాలిబ్రేషనండి."

"మరి అదే అనొచ్చు కదా?"

"రెండేళ్ళన్నానండి. ఎవుడూ వినలేదు."

"కోడిని కోస్తున్నారా?" అని ఒక పెద్ద అడిగాడు.

"లేదండి. కోడి ఒద్దని నేనే సెప్తన్నాను."

"అంటే కోడి సంగతి వచ్చిందన్నమాట," అన్నాడాయన.

ఆ మాట మానెయ్యాలి, లేకపోతే పై నెల నుంచి బల్ల లేదు అని తేల్చారు. తాతల నాడు కొత్తలు వదిలేసి వచ్చిన సంఘం అది. ఆ మాట అంటే వాళ్ళకు ఒట్టి మాట కాదు. ఆ సంగతి సైలస్‌కీ తెలుసు. అందుకే ఎదురు చెప్పలేదు.

నాలుగు సంతలు కాలిబ్రేషన్ అనే అన్నాడు. జనం మళ్ళీ శ్రద్ధగా తలూపారు. ఐదో సంతకు తొమ్మిది బ్యాటరీలు తిరిగొచ్చాయి. అందులో ఒకటి పాచిపెంట నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న ఒక పిల్లది. ఆన్‌లైన్ పరీక్ష రాస్తుంటే సగంలో ఆరిపోయిందట. ఆ పిల్ల తిట్టలేదు, బ్యాటరీ గోనె మీద పెట్టి అలా నిలబడింది. సైలస్ దాన్ని బాగుచేసి ఇస్తూ, "కొత్త సెయ్యమ్మా, మూడుసార్లు," అన్నాడు.

నెల మొదటి ఆదివారం, గుడి మెట్ల మీదే పాస్టరు అడిగాడు. "ఆ మాట మానేశావా?"

"నాలుగు వారాలు మానేశానండి. మొన్న మల్లీ మొదలెట్టేను."

మానేశానని ఒక్క ముక్క అంటే సరిపోయేది. సీలేరులో పదకొండేళ్ళు మీటరు ఏం చూపిస్తే అదే రాసిన మనిషికి ఆ ఒక్క ముక్క నోట రాలేదు. ఆ రోజు రొట్టె పళ్ళెం అతని ముందు నుంచి దాటి పక్కవాడి దగ్గరికి వెళ్ళింది.

పదహారో ఏట బాప్తిస్మం అయినప్పటి నుంచి సైలస్ ఒక్క బల్ల కూడా తప్పలేదు. సీలేరులో ఉండగా మొదటి ఆదివారం డ్యూటీ పడితే ఎవరి కాళ్ళో పట్టుకుని మార్చుకునేవాడు. ఇప్పుడు వెనక బెంచీలో కూర్చుని, పళ్ళెం దాటిపోయేటప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ కింద పెట్టుకున్నాడు. అతనికి చాలా సిగ్గేసింది. సిగ్గు కంటే ఆకలి ఎక్కువగా అనిపించింది. రవ్వంత రొట్టెముక్కకి అంత ఆకలేమిటని తనను తనే తిట్టుకున్నాడు.

భార్య తెరిసమ్మది ఆర్సీయం పుట్టుక, అంటే కాథలిక్కు. "మాలోనైతే ఫాదరు సెవిలో సెప్పుకుంటే ఒగ్గేసీవోడు," అంది ఇంటికొచ్చాక. పొయ్యి రాజేస్తూ, "నువ్వు తిననప్పుడు నాకూ దిగలేదు," అంది. పై నెల ఆవిడ కూడా పళ్ళెం దాటనిచ్చింది. దాని మీద కమిటీ కూర్చోలేదు. ఆవిడతో మాట్లాడే ధైర్యం పెద్దల్లో ఎవరికీ లేదు.

ఇలా మూడు బల్లలు పోయాయి. ఈలోగా వానలు పడ్డాయి. గుడిలో పాటలు లాప్‌టాప్ నుంచి గోడ మీద వేస్తారు. ప్రొజెక్టరుకి ఇన్వర్టరు ఉంది, అది ఆ ఒక్కదానికే సరిపోతుంది. లాప్‌టాప్ మాత్రం కరెంటు పోగానే ఆరిపోయేది, ఎందుకంటే దాని బ్యాటరీ ఏనాడో చచ్చింది. ప్రతి ఆదివారం పాట రెండో చరణంలో ఆగడం, మూడో చరణం ఎవరికి తోచింది వాళ్ళు పాడడం అలవాటైపోయింది. విశాఖలో అడిగితే ఆ బ్యాటరీ రావడం మానేసింది, లాప్‌టాప్ మార్చుకోమన్నారు. అంచేత పాస్టరు ఒక శుక్రవారం ఎండుచేపల వరస దాటుకుని వచ్చి గోనె ముందు నిలబడ్డాడు.

సైలస్ లేచి నిలబడి బ్యాటరీ తీసుకున్నాడు. పై సంతకు బాగుచేసి ఇచ్చాడు.

"ఇక వాడుకోవచ్చా?" అన్నాడు పాస్టరు.

సైలస్ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "కాలిబ్రేషన్ అవ్వాలండి. నిండా ఛార్జి పెట్టి, ఆరిపోనిచ్చి, మూడుసార్లండి."

పాస్టరు శ్రద్ధగా తలూపాడు. ఇంటికెళ్ళి ఒకసారి ఛార్జి పెట్టాడు. ఆదివారం నలభై రెండు శాతం చూపిస్తూ రెండో చరణంలో ఆరిపోయింది. మళ్ళీ శుక్రవారం బ్యాటరీ పట్టుకుని వచ్చాడు. యర్రమ్మ అక్కడే ఉంది.

"బాగుచేసినా ఆగిపోయిందే," అన్నాడు పాస్టరు.

సైలస్ తల దించుకుని మీటరు చూస్తున్నాడు. సమాధానం యర్రమ్మ చెప్పింది. "కొత్త సెయ్యకుండా వాడీసుంటారు బాబూ. మరాగిపోదేటి?"

పాస్టరు బ్యాటరీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

అది నెల మొదటి ఆదివారానికి ముందు శుక్రవారం. ఆదివారం గుడిలో గోడ ఖాళీగా ఉంది. పాటలు పాడే పిల్లలు లాప్‌టాప్ ఎక్కడని అడిగారు. పాస్టరు బైబిల్లో కాగితం పెట్టుకుంటూ, తలెత్తకుండానే, "ఈ వారం పుస్తకాలు చూసి పాడండమ్మా. దానికింకా కొత్త అవలేదు," అన్నాడు.

ఆడవాళ్ళ వైపు ఎవరో దగ్గారు. ఏమన్నాడో పాస్టరుకి అప్పుడు తెలిసింది. ఏమీ జరగనట్టు పాట మొదలెట్టించాడు, వాక్యం చెప్పాడు. బల్ల దగ్గరికొచ్చాక మాత్రం పళ్ళెం ఎత్తలేదు.

"ఇందాక ఆ మాట నా నోటా వచ్చింది. మీరందరూ విన్నారు. నేను బల్ల పంచవచ్చో కూడదో పెద్దలు చెప్పాలి," అన్నాడు.

పెద్దలు నేల చూశారు. కోడి సంగతి పట్టుకున్నాయనే చివరికి గొంతు సవరించుకున్నాడు. "మీరు బ్యాటరీ గురించి అన్నారు కదండీ. అందులో తప్పేటుంది?"

"సైలస్ కూడా బ్యాటరీ గురించే అన్నాడు," అన్నాడు పాస్టరు.

పళ్ళెం ఎత్తుకుని, ముందు బెంచీలన్నీ దాటుకుని తిన్నగా వెనక్కి నడిచాడు. సైలస్ చేతులు మోకాళ్ళ కిందే ఉన్నాయి, తియ్యడానికి కాస్త సమయం పట్టింది. పాస్టరు అంతసేపూ నిలబడ్డాడు. సైలస్ ముక్క తీసుకున్నాడు. ఏడుస్తాడేమోనని అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఏడ్చాడు. ఆడవాళ్ళ వైపు నుంచి తెరిసమ్మ లేచి, తన వంతు వచ్చేదాకా ఆగకుండా, పళ్ళెం దగ్గరికి వచ్చేసింది.