తాకడానికి నాకే అనుమతి

పుట్టుకతోనే నాకు చూపు లేదు. సూర్యాపేటలో పిల్లలకు సంగీతం చెప్పి రిటైరయ్యాను. కిందటేడు కోదాడలో టీచరుగా ఉన్న మా చెల్లెలు సుజాత నన్ను వెంటబెట్టుకుని ఇటలీ టూర్‌కు బయలుదేరింది.

ఫ్లోరెన్స్‌లో ఒక మ్యూజియం దగ్గర, "అన్నా, లోపలన్నీ రాతి బొమ్మలేనంట. నువ్వు జర గీ బెంచీ మీద కూసో, నేను తొందరగా సూసొస్త" అంది. సరేనన్నాను. మన దగ్గర ఏ ఎగ్జిబిషన్‌కు పోయినా అంతే కదా.

సుజాత ఒక్క టికెట్టే అడగడం వినిపించింది. కౌంటర్‌లోని ఆవిడ లేచి నేరుగా నా దగ్గరకే వచ్చి, ఇంగ్లీషులో నన్నే అడిగింది.

"మీరు రారా? మీకు టికెట్ అక్కర్లేదు. మీకు తోడుగా వచ్చారు కాబట్టి ఆమెకూ అక్కర్లేదు."

చూపు లేనివాడికి లోపల ఏం పని అన్నాను. ఆవిడ నా చేయి పట్టుకుని లోపలికి నడిపించి, చేతులకు పల్చటి గ్లౌజులు తొడిగి, వాటిని ఒక రాతి బొమ్మ మీద పెట్టింది.

"గుర్రం ముఖం" అంది.

అరవై దాటినా గుర్రమంటే నాకు డెక్కల చప్పుడే. ఇప్పుడు ఉబ్బిన ముక్కుపుటాలు, పళ్లు, మెడమీద నరాలు వేళ్లకు తగులుతుంటే మళ్లీ మళ్లీ తడిమాను.

సుజాత కూడా చేయి చాపినట్టుంది.

"సారీ మేడమ్, చూపు లేనివారికి మాత్రమే అనుమతి" అంది ఆవిడ.

సుజాత నా పక్కకు జరిగి మెల్లగా అడిగింది. "ఎట్లున్నదన్నా? జర నాక్కూడా చెప్పు."

ఇన్నేళ్లలో నన్నెవరూ అడగని మాట అది. గుర్రం చెవి దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాను.