వాసన అనకూడని అపార్ట్‌మెంట్

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏమైనా రాసుకోవచ్చు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ దుమ్మెత్తి పోయొచ్చు. పై ఫ్లాటు వాళ్ళ కుక్క లిఫ్టులో ఏం చేసిపోయిందో ఫోటోతో సహా పెట్టొచ్చు. ఒక్క 'వాసన' అనే మాట మాత్రం రాయకూడదు. రాసినారంటే వెంటనే సెక్రటరీ గారు ఫోన్ చేస్తారు. ఆయనది గుంటూరు వైపు, మాట మహా మర్యాదగా ఉంటుంది. "అమ్మా, దయచేసి అది డిలీట్ చేసేయండి. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి బయట పెట్టారనుకోండి, మన అందరి ఫ్లాట్ల రేట్లూ పడిపోతాయండి."

అందుకని వాసన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "కిటికీలు ప్లీజ్" అని పెట్టేవాళ్ళు. ఆ రెండు మాటలు చూడగానే అన్ని అంతస్తుల్లోనూ టపటపా కిటికీలు మూసుకునేవి. ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఇప్పుడు నన్ను డిలీట్ చేయమనేవాళ్ళు లేరు కాబట్టి చెప్తాను. మేముండింది ప్రగతి నగర్ దాటినాక, నిజాంపేట వైపు. పొద్దు గూకి కొంచెం చల్లబడి, జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగిందంటే అయిపోయినట్టే. కుళ్ళిన క్యాబేజీలో మందుబిళ్ళలు నూరి కలిపినట్టు ఒక కంపు. అది ముక్కుతో ఆగదు, గొంతులోకి దిగి అక్కడ కూర్చుంటుంది. ఆరేసిన బట్టలకు పడుతుంది. పెరుగన్నం కలుపుకుని నోట్లో పెట్టుకుంటే అందులోనూ అదే. థూ!

మాది అనంతపురం. నీళ్ళకు ఏడ్చి ఏడ్చి, ఉద్యోగాలు లేక, "ఇంక ఈడ ఏముంది, హైదరాబాద్ పోతే బతుకు బాగుపడుతుంది" అని నేనూ మా ఆయనా పెళ్ళైన కొత్తలోనే వచ్చేసినాము. రాష్ట్రం మారితే రాత మారుతుందనుకున్న మొదటిసారి అది. ఇద్దరికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు దొరికినాయి, హైటెక్ సిటీలో చెరొక అద్దాల మేడ. లోను పెట్టి ఫ్లాటు కొన్నాము. ఫ్లాటు చూపించినప్పుడు మాకూ మిట్టమధ్యాహ్నమే చూపించినారు. అప్పుడు ఏ కంపూ లేదు. ఎట్లా ఉంటుంది?

మా ఆఫీసు లాబీలో ఒక టీవీ ఉండేది. లోపలి గాలి ఎంత శుభ్రంగా ఉందో అందులో పచ్చరంగు అంకెలతో చూపించేవాళ్ళు. గాలిని కడిగే మిషన్లు ప్రతి ఫ్లోరులోనూ గుయ్యిమంటూ ఉండేవి. పొద్దున్నించీ ఆ కడిగిన గాలి పీల్చి, సాయంత్రం క్యాబులో కూర్చుని, ఫ్లైఓవర్లు దిగి, పొంగే మురుగు మీదుగా, నీళ్ళ ట్యాంకర్ల వెనకాల ఇల్లు చేరితే, అక్కడ నా బిడ్డ కిటికీలు మూసిన గదిలో కూర్చుని ఆ కంపే పీలుస్తూ ఉండేది. కంప్యూటర్లకున్న యోగం దానికి లేకపాయె.

పాపకు రెండో తరగతిలో ఉండగా మొదలైనాయి పిల్లికూతలు. ఊపిరి తీస్తే గొంతులో సన్నగా ఈల. మొదట జలుబే అనుకున్నాము. తర్వాత తర్వాత చూస్తే గ్రూపులో "కిటికీలు ప్లీజ్" అని వచ్చిన ప్రతిసారీ దానికి ఆయాసం వస్తోంది. డాక్టరు ఉబ్బసమని చెప్పి, గొట్టం తగిలించి మందు పీల్చే నీలం డబ్బా రాసిచ్చినాడు. భుజాలు పైకెత్తుకుని, మెడ గుంటలు పడేట్టు గాలి లాగుతుంటే, మందు పీల్పించి, దాని వీపు మీద చెయ్యేసి కూర్చోవడం తప్ప ఏమీ చేయలేని తల్లిని నేను. ఒకసారి ఆ ఆయాసంలోనే నన్ను అడిగింది, "అమ్మా, నేను ఊపిరి తప్పుగా తీసుకుంటున్నానా?" అని. దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను.

ఊరుకోలేదు నేను. పొల్యూషన్ ఆఫీసుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేసినాను. ఫోన్ ఎత్తినాయన "ఇప్పుడు వస్తోందా మేడం వాసన?" అని చాలా శ్రద్ధగా అడిగి, మనిషిని పంపిస్తామన్నాడు. పంపించినారు, మరుసటి రోజు మధ్యాహ్నం. వచ్చిన పెద్దమనిషి టెర్రస్ ఎక్కి, నాలుగు దిక్కులా ముక్కు ఎగబీల్చి, "ఏమీ లేదు కదా మేడం" అని టీ తాగి పోయినాడు. ఆయన టెర్రస్ మీదున్నప్పుడే నేను కిందా మీదా తలుపులు కొట్టి, నాతోపాటు వచ్చి చెప్పండని బతిమాలుకున్నాను. మా ప్రభుత్వం గొప్పదంటే మా ప్రభుత్వం గొప్పదని గ్రూపులో తెల్లార్లూ కొట్టుకునే మొగాళ్ళు, ఒక్కడు టెర్రస్ మీదికి రాలేదు. ఒకావిడ తలుపు సందులోంచే అనింది, "మా పిల్ల పెళ్ళికి ఈ ఫ్లాటే అమ్మాలమ్మా, మమ్మల్ని ఇందులోకి లాగొద్దు." లోపల్నించి వాళ్ళ ముసలాయన దగ్గుతున్నాడు. ఆ దగ్గు నాకు వినిపిస్తోందని ఆమెకు తెలుసు, టీవీ సౌండు పెంచింది.

ఆ ఎండాకాలం సెలవుల్లో మా ఆయన స్నేహితుడొకాయన పిలిస్తే మైసూరు పోయినాము. అదేమీ స్వర్గం కాదు. అక్కడా చెత్త ఉంది, అక్కడా లీడర్ల ఫ్లెక్సీలు ఉన్నాయి. కానీ కొళాయి తిప్పితే నీళ్ళు వచ్చినాయి. ఫుట్‌పాత్ మీద మనుషులు నడిచినారు. అవన్నీ అట్లా ఉంచండి. పాప కిటికీ పక్కన పడుకుని, నోరు తెరుచుకుని, మందు పీల్చకుండా నిద్రపోయింది. ఉన్నన్ని రోజులూ అంతే. మా ఆయన మంచం పక్కన నిలబడి దాని ఊపిరి వింటూ వింటూ, "ఇంక వెనక్కి ఎట్లా తీసుకుపోతామే దీన్ని?" అన్నాడు. ఆయన కంపెనీకి అక్కడ బ్రాంచి ఉంది, నేను ఇంట్లోనుంచి పని చేసుకోవచ్చు. రాష్ట్రం మారిపోదామని అక్కడికక్కడే అనుకున్నాము.

చెప్తే ఎవరికీ మింగుడు పడలేదు. "కన్నడ వచ్చా మీకు? బిర్యానీ లేకుండా ఎట్ల బతుకుతరు?" అని ఆఫీసులో ఎగతాళి. "అందరూ ఇక్కడికి వస్తుంటే మీరు పోతరేంది?" అని మా మేనేజర్. సెక్రటరీ గారైతే వేదాంతంలోకి దిగినారు. "ఎక్కడికెళ్ళినా ఇంతేనండి. మనమే అలవాటు పడాలండి." ఊపిరాడకపోవడానికి అలవాటు పడమంటున్నాడు, ఒళ్ళు మండిపోయింది నాకు. కానీ ఫ్లాటు అమ్ముడు పోకుండా కదల్లేము. అక్కడ కిరాయీ ఇక్కడ లోనూ రెండూ మోసే శక్తి మాకు లేదు. అమ్మాలంటే ఆయన సాయం కావాలి. పళ్ళు బిగబట్టి తలూపినాను.

ఫ్లాటు అమ్మడానికి మా అపార్ట్‌మెంట్‌లో ఒక పద్ధతి ఉంది. కొనే పార్టీ ఎప్పుడు వస్తుందో ముందే గ్రూపులో పెట్టాలి. ఎప్పుడూ మధ్యాహ్నమే రప్పించాలి. పొరపాటున గాలి తిరిగిందంటే అందరూ సహకరించాలి. సహకరించడమంటే, ప్రతి ఇంట్లోనూ సాంబ్రాణి వెయ్యాలి, వరండాల్లో అగరొత్తులు గుచ్చాలి, ఇంగువ పోపు పెట్టాలి, వాచ్‌మన్ లిఫ్టులోనూ మెట్ల మీదా మల్లెపూల స్ప్రే కొట్టాలి. అంత కంపు మీద ఇంత మల్లెపూలు! శవం మీద అత్తరు చల్లినట్టుండేది. మన వంతు వచ్చినప్పుడు వాళ్ళు చేస్తారని, వాళ్ళ వంతుకు మనం చెయ్యాలి. చెయ్యనివాళ్ళతో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

మాకొచ్చిన పార్టీ ఒక నర్సమ్మ, ఆమె భర్త. ఆదివారం మధ్యాహ్నానికి వస్తామన్నారు. చర్చిలో ప్రార్థన అయ్యి, అక్కడ భోజనాలు అయ్యి, వాళ్ళు బయల్దేరేసరికే ఆలస్యమైంది. గేటు దగ్గరికి వచ్చేసరికి పొద్దు గూకింది, గాలి తిరిగింది. సెక్రటరీ గారు గాబరా పడి ఫోన్ చేసినారు. "ఏదో ఒకటి చెప్పి రేపు రమ్మనండమ్మా." అప్పటికే వాళ్ళు లిఫ్టు ఎక్కేసినారు. గ్రూపులో "పార్టీ వచ్చారు, సహకరించండి" అని మెసేజీ టింగుమంది.

సహకరించినారు అందరూ. మేము తలుపు తీసేసరికి వరండా అంతా తెల్లగా పొగ. ఎదురు ఫ్లాటావిడ ఉత్సాహం కొద్దీ సాంబ్రాణి పళ్ళెం తెచ్చి మా గడపలోనే పెట్టింది. పొగ నేరుగా హాల్లోకి వచ్చింది. ఆ కంపు, ఈ పొగ, పైన మల్లెపూలు. వచ్చినవాళ్ళను కూర్చోండి అనే లోపలే లోపలి గదిలోంచి పాప దగ్గు. ఒక దగ్గు, ఇంకోటి, ఆ తర్వాత ఈల. పరిగెత్తిపోయి చూస్తే పెదవులు పాలిపోయినాయి దానికి.

నర్సమ్మ చెప్పులైనా విడవకుండా నా వెనకాలే వచ్చింది. "అక్కా, పండబెట్టకుండ్రి, కూసోబెట్టుండ్రి, జర ముంగటికి వంచుండ్రి" అంటూ పాపను పట్టుకుంది. నేను మందు డబ్బా కోసం సొరుగులు లాగుతున్నాను. ఆమె తన హ్యాండ్‌బ్యాగులోంచే ఒకటి తీసింది. అదే నీలం డబ్బా, దానికి తగిలించే అదే గొట్టం. "మా బాబుది అక్కా. కొత్త గొట్టం, ఇంక వాడలే. ఇగ పీల్సు బిడ్డా, ఆ, గిట్లనే." నాలుగైదు సార్లు పీల్చినాక పాప మెడ గుంటలు తగ్గినాయి. నా బిడ్డ రంగు తిరిగి వచ్చింది.

అప్పుడు నాకు పిచ్చి కోపం వచ్చింది. గడపలో ఉన్న పళ్ళెం ఎత్తుకుపోయి సింకులో బోర్లించి కొళాయి తిప్పినాను. వరండాలో నిలబడి, "చాలించండి మీ సహకారం!" అని అరిచినాను. గది తలుపు బిగించి, హాల్లోకి వచ్చి బాల్కనీ తలుపు బార్లా తెరిచినాను. వచ్చింది కంపు. మా ఆయన వచ్చి హాలు కిటికీలూ తెరిచినాడు. "చూడమ్మా, ఇదీ ఈ ఇల్లు. గాలి తిరిగితే ఇదే. దీనివల్లే నా బిడ్డకు ఈ గతి. మీకూ చిన్నపిల్లవాడున్నాడు, కొనొద్దు, వెళ్ళిపోండి" అన్నాను. అమ్మకుంటే పాప ఇక్కడే ఉండిపోతుందని తెలుసు నాకు. నోరు ఆగలేదు.

నర్సమ్మ బాల్కనీలోకి పోయి నిలబడింది. ఒకసారి గాలి పీల్చి చూసింది. వెనక్కి తిరిగి, "ఇదేనా అక్కా?" అనింది.

"ఇదే."

"రోజూ వస్తదా?"

"రోజూ రాదు. గాలి ఇటు తిరిగితే వస్తుంది."

"వచ్చినంక పోతదా?"

"తెల్లారేసరికి పోతుంది."

"పోతది గదా!" అంటూ భర్త వైపు చూసింది. ఆమె కళ్ళలో ఆశ, దేవుడి సాక్షిగా ఆశే అది. "మేము ఫ్యాక్టరీ గోడ పక్కనే కిరాయికి ఉంటమక్కా. ఆడ పొద్దుమాపు ఇదే. పోనే పోదు. బోరు నీళ్ళు గూడ ఎర్రగ వస్తయి." ఆమె భర్త అక్కడే వ్యాను నడుపుతాడట. అతను నెమ్మదిగా చెప్పినాడు, "ఊళ్ళె పొలం అమ్మినం అమ్మా. బాబు కోసమే. ఈడికొస్తే జర మంచిగ ఊపిరి తీసుకుంటడని."

మా ఆయన వాళ్ళకు మంచినీళ్ళిచ్చినాడు. ఇంకోసారి ఆలోచించుకోండని ఇద్దరమూ చెప్పినాము, నిజంగానే చెప్పినాము. వాళ్ళు బతిమాలినారు, ఇంకెవరికీ ఇవ్వొద్దని. బయానా ఇచ్చే పోతామన్నారు. తీసుకున్నాము.

మర్నాడు గ్రూపులో సెక్రటరీ గారి మెసేజీ. "మన అపార్ట్‌మెంట్‌లో మరో ఫ్లాటు అమ్ముడైంది. సహకరించిన అందరికీ ధన్యవాదాలు." దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు, పూలగుత్తులు. ఎదురు ఫ్లాటావిడ రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టింది. నేను గ్రూపులోంచి బయటికి వచ్చేసినాను. ఫోన్ మీద ఉమ్మలేను కాబట్టి.

మైసూరు వచ్చేసినాము. పాప ఇక్కడ కన్నడం మాట్లాడుతూ వీధిలో పరుగులు పెడుతోంది. మందు డబ్బా ఎక్కడ పెట్టినానో వెతుక్కోవాల్సి వస్తోంది నాకు. ఏ సర్కారూ నాకు చుట్టం కాదు, ఇక్కడి సర్కారూ కాదు. కానీ బిడ్డ ఊపిరి తీసుకోవడానికి నేను ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. అంత చాలు అనుకుంటూ ఉన్నాను.

ఈ మధ్య నర్సమ్మ ఫోన్ చేసింది. పాప ఎట్లుందని అడిగింది. బాబు ఎలా ఉన్నాడని నేను అడిగినాను, భయపడుతూనే.

"మస్తుగున్నడక్కా! ఇప్పుడు వారంల మూడు నాలుగు రాత్రులు మంచిగనే పంటుండు" అనింది. ఆ గొంతులో సంతోషం ఒలికిపోతోంది. "మిగిలిన రాత్రులు కూసోబెడుతం, ఏం ఫికర్ లేదు. మీ పేర్లు వెట్టి రోజు ప్రార్థన చేస్తున్న అక్కా. మీరు ఆ ఇల్లు ఇడిసిపెట్టకపోతే మా బాబు ఏమైతుండెనో."

సరేనమ్మా, సంతోషం అన్నాను. ఫోన్ పెట్టేసి, బాత్రూంలోకి పోయి వాంతి చేసుకున్నాను.