విరగని బోల్టు

మా గడ్డి మిషన్ ఫెయిలైన రోజులు నాకు బాగా గుర్తున్నాయి. జహీరాబాద్ ఊరి చివర మాకు పాడి ఉంది, హోటళ్లకు పాలు పోస్తాం. జొన్నచొప్ప కత్తిరించే మిషన్ కొన్న కొత్తలో, దాంట్లో ఒక చిన్న బోల్టు వారం తిరక్కుండానే పుటుక్కున విరిగేది. చొప్పలో రాయి వచ్చినా అంతే, కట్ట ముద్దగా పోయినా అంతే. చొప్పను లోపలికి లాగే రోలర్లు ఆగిపోయేవి. బర్రెలు మేతకు అరుస్తుంటే మా ఆయన కంపెనీవాళ్ల తాతముత్తాతలను లేపి మరీ తిట్టేవాడు.

"గింత పెద్ద మిషన్‌కు గా పుల్లలాంటి బోల్టేంది? నకిలీ మాల్ అంటగట్టిన్రు," అనేవాడు.

చివరికి పాత ట్రాక్టరు సామాన్ల దుకాణంలో వెతికి, అదే సైజులో గట్టి ఉక్కు బోల్టు తెచ్చి బిగించాడు. ఇక మిషన్ ఆగలేదు. వాడకట్టంతా వచ్చి చూసింది. దిష్టి తగలకుండా మా అత్త నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి కట్టింది. ఇంజనీర్లకు లేని తెలివి తన కొడుక్కుందని పాలకొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది.

నా కుడి చేతికి పెళ్లినాటి వెండి కడియం ఉండేది. ఒకరోజు పొద్దున తడి చొప్ప లోపలికి పోకపోతే చేత్తో తోశాను. రోలర్లు చొప్పతో పాటు నా వేళ్లనూ పట్టుకున్నాయి. కడియం కూడా వాటిని ఆపలేకపోయింది. అది నలిగి నా చేతితో పాటే లోపలికి పోయింది. మా ఆయన పరుగెత్తి కరెంటు తీసేసరికి నాకు కుడి చేయి మణికట్టు దాకా లేదు.

దవాఖాన నుంచి ఇంటికొచ్చిన రోజు, మా అత్త వాకిట్లో ఎవరితోనో అంటుంటే విన్నాను. "మిషన్‌కేం కాలే. బ్లేడుకు జర గాటు పడ్డది, గంతే. కడియం పెట్టుకొని ఎందుకు పోవాలె?" ముత్తయిదువ చేయి బోసిగా ఉండొద్దని, కడియం తీయనియ్యనిది ఆమే.

మిషన్ చెడ్డదని మా ఆయన కంపెనీకి ఫిర్యాదు చేశాడు. ఒక ఇంజనీరు వచ్చాడు. నన్ను పలకరించకముందే మూత విప్పి, బోల్టు బయటికి లాగి, అరచేతిలో తిప్పి చూశాడు.

"ఇది మాది కాదు. మాది మెత్తగ ఉంటది, విరగడానికే పెడతం," అన్నాడు. "కడియం అడ్డం పడంగనే గది విరిగి రోలర్లు ఆగిపోతుండె. మా మిషన్‌ల ఏ లోపం లేదమ్మా."

అన్నాళ్లూ ఫెయిలైందని మేము తిట్టింది మమ్మల్ని కాపాడే పనిని. మా ఆయన ముఖంలో ఏమైనా కదులుతుందేమోనని చూశాను. ఆయన ఇంజనీరు చేతిలోంచి ఆ ఉక్కు బోల్టు తీసుకుని లుంగీకి తుడుస్తున్నాడు.

ఇంజనీరు బిగించి పోయిన మెత్తటి బోల్టు నాలుగు రోజులకే విరిగింది. మా ఆయన మళ్లీ ఉక్కుదే పెట్టాడు.

"రోజూ గీ బాధ ఎవడు పడ్తడు? ఇగ నువ్వు దాని దిక్కు పోవు గదా," అన్నాడు.

నిజమే, ఇప్పుడు చొప్ప పెట్టేది కూలికొచ్చే ఆమె. దసరాకు మిషన్‌కు బొట్టు పెట్టబోతే, ఎడమ చేత్తో వద్దని మా అత్త నా దగ్గర్నుంచి కుంకుమ గిన్నె లాక్కుంది.

మొన్న న్యాల్‌కల్ నుంచి ఒకాయన వచ్చాడు. "అన్నా, మా మిషన్ రోజు తప్పి రోజు ఫెయిలైతుంది. నీది ఆగనే ఆగదట గదా," అన్నాడు. మా ఆయన మీసం దువ్వుకుని, డబ్బాలోంచి ఒక ఉక్కు బోల్టు తీసి ఇచ్చాడు. నేను చాయ్ తెచ్చాను. ఎడమ చేత్తో ఇస్తే ఆ వచ్చినాయన అందుకోలేదు. గ్లాసు అరుగు మీద పెట్టాను.

"మీ ఇంట్ల చొప్ప ఎవరు పెడ్తరు?" అని అడిగాను.

"మా ఇంటామె."

కొంగు తీసి మొండిచేయి చూపించాను. "గా బోల్టు ఏస్తే మిషన్ ఆగది. నాకూ ఆగలే."

ఆయన నా మొండిచేయిని, తన చేతిలోని బోల్టును చూశాడు.

"మా ఆమెకు కడియాలు లేవక్కా. గాజులే," అన్నాడు.

బోల్టు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. చాయ్ మాత్రం ముట్టలేదు.