రెండోసారి అడిగిన ప్రశ్న

నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, ఒక ఆగస్టు నెలలో, పర్ణశాలకు అవతల ఒక ఊళ్లో జరిగే కాంప్లెక్స్ సమావేశానికి నన్ను రిసోర్స్ పర్సన్‌గా వేశారు. చుట్టుపక్కల బడుల టీచర్లంతా ఒకచోట చేరి పాఠాల గురించి మాట్లాడుకునేదే కాంప్లెక్స్ సమావేశం. నేను ఖమ్మంలో ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో లెక్చరర్ని. సబ్జెక్టు శిశు వికాసం. ఇల్లు వైరాలో. మొదటి బస్సు ఎక్కినా, సారపాక దగ్గర వెదురు లారీల వెనక ఇరుక్కుని, భద్రాచలంలో బస్సు మారి, ఊరు చేరేసరికి పదకొండు కావచ్చింది.

ఆనాటి అంశం మా సబ్జెక్టులో ఎప్పటికీ తెగని తగవు. పిల్లల బుద్ధి మెట్టు మెట్టుగా ఎదుగుతుంది, ఆ మెట్టు రాకముందే నేర్పబోతే వృథా శ్రమ అని ఒక వర్గం అంటుంది. పక్కన పెద్దవాళ్లు ఉండి, పిల్లల భాషలో అందిస్తే, ఒంటరిగా చేయలేనిది కూడా చేస్తారు, ఆ మెట్టు కోసం కాచుక్కూర్చోవద్దు అని రెండో వర్గం. ఇరవై ఏళ్లుగా రెండు వర్గాల వాదనలనూ బోర్డు మీద చెరో పక్క రాసి పాఠం చెబుతున్నాను. మనసులో మాత్రం నేను మొదటి వర్గమే.

టీ తాగుతుండగా అదే ఆవరణలోని ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టర్ నర్సయ్య గారు ఒక ఫారం తెచ్చి నా ముందు పెట్టారు. పద్దెనిమిదేళ్లుగా ఆ బడిలోనే ఉన్న మనిషి. వర్షాలకు వాగు పొంగినా బడి మానరని పేరు. ఫారం మల్లిక అనే మూడో తరగతి పాపది. ప్రత్యేక అవసరాల పిల్లల జాబితాలో ఆమె పేరు చేర్చాలని ఆయన రాశారు. కింద రిసోర్స్ పర్సన్ అభిప్రాయం, సంతకం కోసం ఖాళీ ఉంది.

"పిల్ల మంచిదే మేడం. కానీ బుర్రకు ఎక్కుతలేదు. రెండేండ్లు చూసిన. ఒకటో తరగతి పిల్లలతోనే కూసోబెడుతున్న," అన్నారాయన.

నేను ఉత్సాహపడ్డాను. టీచర్లకు చూపిద్దామని డెమో కోసం చింతగింజలు తెచ్చుకున్నాను. పాపను పిలిపించండి, అందరి ముందూ పరీక్షిద్దాం అన్నాను.

మల్లికకు ఎనిమిదేళ్లుంటాయి. కోయ కుటుంబం. రెండు జడలు, నూనె మెరుస్తున్న నుదురు, బెదురు లేని కళ్లు. బల్ల మీద ఆరు గింజలతో ఒక వరుస, దాని కింద ఆరు గింజలతో ఇంకో వరుస పేర్చాను. రెండూ సమానమేనా అని తెలుగులో అడిగాను. తలూపింది. తర్వాత కింది వరుసలో గింజలను ఎడంగా జరిపాను. ఇప్పుడు ఎందులో ఎక్కువ ఉన్నాయి అని అడిగాను. పాప నా ముఖం చూసింది, గింజలు చూసింది, మళ్లీ నా ముఖం చూసింది. చివరికి పొడుగు వరుస మీద వేలు పెట్టింది.

పరచినంత మాత్రాన గింజలు పెరగవన్న గ్రహింపు సాధారణంగా ఆరేడేళ్లకు వస్తుంది. నేను టీచర్ల వైపు తిరిగి, చూశారా, ఈ మెట్టు ఇంకా రాలేదు అని పది నిమిషాలు దంచాను. నర్సయ్య గారు ఫారం నా వైపు జరిపారు. నేను పెన్ను మూత తీశాను.

అప్పుడు వెనక బెంచీలోంచి భూలక్ష్మి లేచింది. అదే బడిలో విద్యా వాలంటీరు, అంటే తాత్కాలికంగా తీసుకున్న టీచరు. ఆమె కూడా కోయ అమ్మాయే. చేరి రెండు నెలలు.

"మేడం, కోపం జేయకుండ్రి. ఆ పిల్లనొక మాట అడగనా?"

"అడుగమ్మా," అన్నాను, కాస్త ఇష్టం లేకుండానే.

ఆమె పాప పక్కన నేల మీద కూర్చుని కోయలో ఏదో అడిగింది. అంతవరకూ నోరు విప్పని పిల్ల గలగలా మాట్లాడింది. భూలక్ష్మి నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏందట?" అన్నారు నర్సయ్య గారు.

"చెప్పమంటరా సార్? మొదట సమానమేనని సరిగ్గనే చెప్పిందట. మేడం మళ్లీ అడిగిండ్రు గద. బడిల సారు ఏదన్న రెండోసారి అడిగిండంటే మొదటిది తప్పన్నట్టేనట. అందుకే మార్చి చెప్పిందట."

హాలంతా గొల్లుమంది. నర్సయ్య గారు ముందు ఎర్రబడి, తర్వాత అందరికంటే గట్టిగా నవ్వారు. "అవ్, గట్లనే అడుగుత నేను. అబద్ధమెందుకు?"

భూలక్ష్మి ఈసారి గింజలు పరిచి, ఒక్కసారే, కోయలో అడిగింది. పాప ఆమెను ఇంత తెలియదా అన్నట్టు చూసి జవాబిచ్చింది. భూలక్ష్మి తెలుగులో చెప్పింది: "జరిపితే కొత్త గింజలు పుడ్తయా అంటున్నది."

నేను పెన్ను మూత పెట్టేశాను. ఇరవై ఏళ్లు ఆ పరీక్షను పాఠంగా చెప్పాను. పరీక్షించే మనిషినీ పిల్లలు పరీక్షిస్తుంటారన్న సంగతి పుస్తకంలో చదివే ఉన్నాను. నా బల్ల దగ్గర జరిగినప్పుడు మాత్రం గుర్తించలేదు. సిగ్గేసింది. చిత్రంగా, సంతోషం కూడా వేసింది.

అంతటితో రెండో వర్గం గెలిచిందని యువ టీచర్లు చప్పట్లు కొట్టారు. నర్సయ్య గారు ఊరుకోలేదు. మధ్యాహ్న భోజనం వేళకు అక్కను వెతుక్కుంటూ వచ్చిన మల్లిక చెల్లెలిని చూపించి, "ఈ చిన్నదాన్ని గూడ కోయలనే అడుగమను. ఒక్కసారే," అన్నారు. న్యాయమైన మాట. పిల్లకు నాలుగేళ్లు. భూలక్ష్మి అడిగింది. చిన్నది తడుముకోకుండా పొడుగు వరుస చూపింది. ఆ వరుసలోంచి ఒక గింజ తీసేసి, నీకేది కావాలి అని అడిగితే, ఐదు గింజల పొడుగు వరుసనే రెండు చేతులా ఊడ్చుకుని గౌను జేబులో వేసుకుంది. అక్క ఎంత చెప్పినా వినలేదు.

"చూసిండ్రా! మెట్టు ఉన్నది," అన్నారు నర్సయ్య గారు, పరువు దక్కినవాడిలా.

ఫారంలో నేను సంతకం చేయలేదు. పరీక్షించిన తీరులో లోపముంది, పాపకు తెలుగు ఇంకా కొత్త, మూడో తరగతిలోనే కూర్చోబెట్టి ఇంటి భాష ద్వారా బోధించి మళ్లీ చూడాలి అని రాశాను. లోపం నాది అని కూడా రాశాను. అలా రాయనక్కర్లేదని నర్సయ్య గారు అన్నారు గానీ, రాసేశాను.

డిసెంబర్లో మళ్లీ వెళ్లాను. రోజూ మొదటి పీరియడు భూలక్ష్మి కోయలో లెక్కలు చెబుతోంది, నర్సయ్య గారు పక్కన కూర్చుని కోయ నేర్చుకుంటున్నారు. ఆయన ఉచ్చారణకు పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. మల్లిక తీసివేతలు చేసింది. తెలుగు వాక్యం కూడబలుక్కుని చదివింది, ఒత్తుల దగ్గర తడబడింది. నర్సయ్య గారు ఒక లెక్క రెండోసారి అడగబోయి ఆగి, "సరిగ్గనే చెప్పినవ్ బిడ్డా. ఎట్ల చేసినవో చెప్పు," అన్నారు. పాప చెప్పింది. ఆ ఫారం ఆయన ఎవరికీ పంపలేదు.

ఆ ఏడాది నుంచి మా కళాశాల ప్రశ్నపత్రంలో 'ఏ సిద్ధాంతం సరైనది? చర్చించండి' అన్న ప్రశ్న మానేశాను. దాని బదులు, ఒక పిల్ల ఇచ్చిన తప్పు జవాబు రాసి, అది తప్పని తేల్చే ముందు మీరు ఏమేమి మార్చి చూస్తారు అని అడిగేదాన్ని. గైడులో దొరకదని విద్యార్థులు గొణిగేవారు. పిల్లల ఎదుగుదలకు మెట్లున్నాయి. కానీ ఒక పిల్ల ఏ మెట్టు మీద ఉందో చెప్పే ముందు, అడిగిన భాషనూ, అడిగిన తీరునూ, అడిగిన మనిషినీ ఒక్కసారైనా మార్చి చూడాలి. అంతవరకూ సంతకం చేయకూడదు.