లియాఖత్ అలీ గారి ఆక్షేపణలు

లియాఖత్ అలీ గారు మంచినీళ్ళు కావలసివచ్చినా విషయమూ సూచికా లేకుండా అడిగేవారు కారు. నందికొండలోని ఒక కార్యాలయంలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఉత్తరాలకు నకళ్ళు వ్రాసి పదవీ విరమణ పొందిన ఆయన, ఇంట్లో భార్య అజీజా బేగంకు సైతం చీటీలే అందించేవారు. "విషయం: చాయ్. సూచిక: నిన్నటి చాయ్. పై దానిలో చక్కెర కొరవడినందున..."

"ఎదురుంగనే కూసున్న గదా, నోటితోని చెప్పరాదా?" అని ఆమె విసుక్కునేది.

"నోటిమాటకు నకలుండదు" అనేవారు ఆయన.

ఆయనకున్న మరొక వ్యసనం హార్మోనియం. పందొమ్మిది వందల ఎనభై ఏడులో ఒకనాడు పక్కింటి సుక్కమ్మ ఒక ఉత్తరం తెచ్చి ఆయన చేత చదివించుకొన్నది. మస్కట్‌లో తాపీపని చేసే ఆమె భర్త బీరన్న పరంజా మీదినుండి పడి కాలు విరగ్గొట్టుకొన్నాడు. ఉత్తరంలో ఉన్నది ఒకే వాక్యం: "నా మీద ఆశ పెట్టుకోకు." తరువాత మూడు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఒకప్పుడు ఊరేగింపుల్లో పాడితే ఊరంతా వినబడిన గొంతు బీరన్నది.

ఆ పిమ్మట లియాఖత్ అలీ గారు ఒక పాట కట్టారు. రేపు నీళ్ళొస్తాయి, మెట్టచేను పచ్చబడుతుంది అని దాని భావం. హార్మోనియం వాయించి క్యాసెట్టులో నింపి, కువైట్‌లో లారీ నడిపే శిష్యుడు మెహమూద్‌కు టపాలో పంపారు. అతడు దానిని ఒక టేపురికార్డరులో మోగిస్తూ, తాను ఢోలక్ వాయిస్తూ, రెండింటినీ మరొక టేపులో పట్టి బీరన్నకు పంపాడు. "గాయకుడు పదిహేను దినములలో పాడి పంపవలెను" అన్న ఉత్తరువు జతచేయబడి ఉన్నది.

క్యాసెట్టు తిరిగివచ్చింది. "పాడిండు సాబ్! మావోడు పాడిండు!" అని సుక్కమ్మ పొంగిపోయింది.

లియాఖత్ అలీ గారు కలం తీశారు. "ఆక్షేపణ ఒకటి: రెండవ చరణమున ఊపిరి మితిమీరినది. సవరించి పంపవలెను. నకలు: మెహమూద్, కువైట్."

రెండవ ఆక్షేపణ పోయింది, మూడవది పోయింది. నాలుగవది, "నీళ్ళు అన్నచోట తడి చాలలేదు" అని.

"ఉస్తాద్, నా ఢోలక్ తోలు పలిగింది గని మీ ఆక్షేపణలు ఒడుస్తలేవు" అని మెహమూద్ వ్రాశాడు. బీరన్న అయితే క్యాసెట్టు రెండవ వైపంతా తిట్లతోనే నింపాడు: "తడి గావాల్నంటే బకెట్ల మూతి వెట్టి పాడాల్నా సాబ్? గీ కుంటికాలుతోని గంతదూరం నడ్సిపోయి టపాల ఏస్తున్న, తెలుస్తుందా?"

ఏడవ క్యాసెట్టు విన్న తరువాత కూడా ఆయన చేయి కలం మీదికే పోయింది. సుక్కమ్మ దానిని లాక్కొన్నది.

"గీ ఊళ్ళె చెవులు మీకొక్కలకే ఉన్నయా సాబ్? గిండ్ల ఏం తప్పున్నదో చెప్పుండ్రి!"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకొన్నారు. "తప్పు మొదటిదాంట్ల గూడ లేదు బిడ్డా."

"మరి?"

"ఆక్షేపణ ఉన్నంతకాలం జవాబు రావాలె. జవాబు ఇయ్యాల్సిన మనిషి ఎటూ పోడు. ముప్ఫై ఒక్కేండ్లు ఆఫీసుల కూసుండి నేను నేర్సుకున్నది గదొక్కటే."

 సుక్కమ్మ కలం తిరిగి ఆయన చేతిలో పెట్టి, ఎదురుగా చాప మీద కూర్చున్నది.

"అయితే రాయుండ్రి. గొంతు జర బక్కగైంది. పూటకెన్ని రొట్టెలు తింటుండు? వండేదెవరు? కాలు ఎంతమట్టుకు మడుస్తుండు? ఒక్కొక్కదానికి అలగ్ అలగ్ జవాబియ్యమనుండ్రి."

"గన్ని ఒక్క కాయితంల పట్టయి బిడ్డా."

"ఇంకోటి తీయుండ్రి."